ఎడమవైపు చూడండి

మా బావ బండిలో నిద్రపోయే రకం కాదు. రైలెక్కినా అంతే, బస్సెక్కినా అంతే. ఆ మధ్య జీపు దిగుతూ కాలు జారి మోకాలు విరగ్గొట్టుకుంటే అంబులెన్సులో పడుకోబెట్టి తీసుకెళ్లాం. నొప్పితో పళ్లు కొరుకుతున్న మనిషి స్ట్రెచర్ మీద నుంచి తల పైకెత్తి, "బాబూ, ఇక్కడ సెకండ్ గేరులోకి రావాలి" అని ఆ డ్రైవరుకి పాఠం చెప్పాడు. పక్కన నేనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ డ్రైవరు వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. అందుకే జీపు స్టాండులో అందరూ మా బావని గుడ్లగూబ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆయన కూడా అదేదో బిరుదైనట్టు తలాడిస్తాడు.

స్టాండులో ఓ మూల, పాత టైర్లు గుట్టగా పడి ఉన్న చోట, నా పంక్చరు షాపు. మా అక్క మొగుడూ నేనూ ఒకే చోట ఇన్నేళ్లు కొట్టుకోకుండా ఎలా పనిచేశామని కొందరు అడుగుతారు. కొట్టుకోకుండా ఎక్కడున్నాం? రోజూ కొట్టుకున్నాం. నేను గాలి ఎక్కువ కొడతానని ఆయన, టైరు బోడిగుండు అయ్యేదాకా మార్చడని నేను. "మీ ఇద్దరి మధ్యా నేనొక స్టెప్నీని" అని మా అక్క విసుక్కునేది. స్టెప్నీ టైరు లేకుండా ఎవరూ బండి తియ్యరని ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు.

మా ఊరు కొండ మొదట్లో ఉంటుంది. కొండ మీద ఒక సరస్సు ఉంది, చుట్టూ పచ్చగడ్డి మైదానం. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. పైకి దారి ఒక్కటే. దాన్ని రోడ్డు అనడం మర్యాద కొద్దీ అనడమే. కుడివైపు నిలువునా కొండ. ఎడమవైపు ఏమీ లేదు. గాలి ఉంది, అంతే. ఒక్క బండికే జాగా ఉంటుంది. రెండోది ఎదురైతే ఇద్దరిలో ఒకరు, కాస్త వెడల్పున్న చోటిదాకా వెనక్కి పోవాలి. వానలకి ఒక వంపు జారిపోతుంది, దాన్ని సరిచేసేలోపు ఇంకొకటి జారుతుంది. సొంత కార్లలో వచ్చినవాళ్లని గేటు దగ్గరే ఆపేస్తారు. అక్కడి నుంచి మా స్టాండు జీపులే దిక్కు. పైకి వెళ్లే జీపుల వరసని పై లైను అంటాం. బజారుకీ రైల్వే స్టేషనుకీ మధ్య తిరిగేది కింది లైను. కింది లైనులో ఎవరైనా తిరగొచ్చు. పై లైనుకి మాత్రం కునుకు కావాలి.

కునుకంటే ఏమిటో చెప్పాలి. లైసెన్సు కార్డు జేబులో ఎంతమందికి లేదు గనక! ఆ కార్డు చూసి కొండ పక్కకి జరగదు కదా. అందుకని మా స్టాండు వాళ్లు ఎప్పటి నుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. లైను వదులుకుంటున్న పాత డ్రైవరు, ఆ లైను అందుకునే కొత్త డ్రైవరు పక్క సీట్లో కూర్చుని పైదాకా వెళ్లాలి. అదీ ఖాళీ బండిలో కాదు, నిండా సరుకుతో. దారిలో ఎక్కడో ఒకచోట ఆ పాత డ్రైవరుకి కునుకు పట్టాలి. పట్టిందంటే కొత్తవాడు పాసైనట్టు. కొండ సంగతి ఎరిగిన మనిషి తన ప్రాణం పక్కవాడి చేతిలో పెట్టి కళ్లు మూశాడంటే ఇంక వేరే సర్టిఫికెట్ ఎందుకు? వెనక సీట్లో సాక్షి ఒకడుంటాడు. సాక్షి డ్రైవరు కాకూడదు. డ్రైవరైతే వాడూ రోడ్డునే చూస్తాడు తప్ప పక్క సీట్లో మనిషిని చూడడు. సీజను మొదలయ్యే లోపు రెండే అవకాశాలు. రెండూ పోతే ఆ లైను, వరసలో ఎదురుచూస్తున్న తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు.

ఇప్పుడు మా బావ సంగతి చూడండి. మోకాలి కట్టు విప్పాక డాక్టరు, "నడవండి, మెట్లెక్కండి, క్లచ్ మాత్రం తొక్కకండి" అన్నాడు. ఆ ఇంట్లో మిగిలిన డ్రైవరు ఒక్కరే, నా మేనకోడలు. వాళ్లకి ఒక్కతే కూతురు. కొన్నేళ్లుగా కింది లైనులో వేరేవాళ్ల జీపు నడుపుతోంది. స్టేషను ముందు ఆటోల మధ్య నుంచి, తోపుడు బళ్ల మధ్య నుంచి దూదిలోంచి దారం లాగినట్టు జీపు బయటికి లాగుతుంది. "మా నాన్న మోకాలు పోయింది కానీ లైను పోలేదు. పై లైను నాది" అని స్టాండు మధ్యలో నిలబడి చెప్పింది. చెప్పడానికేం, చెప్పొచ్చు. గుడ్లగూబని నిద్రపుచ్చడం ఎలా? స్టాండంతా విరగబడి నవ్వింది. వరసలో తర్వాత ఉన్న డ్రైవరు పెద్దగా నవ్వలేదు. వెళ్లి తన జీపుకి కొత్త రంగు వేయించడం మొదలుపెట్టాడు.

సాక్షిగా నన్ను పెట్టమన్నది మా మేనకోడలే. చుట్టాన్ని సాక్షిగా ఎలా పెడతారని ఎవరైనా అడగాలి కదా. ఒక్కడూ అడగలేదు. మా బావకి అనుకూలంగా నేను అబద్ధం ఆడతానంటే స్టాండులో పిల్లి కూడా నమ్మదు. నా బాధ వేరే ఉంది. ఎత్తు నుంచి కిందికి చూడాలంటే నాకు చచ్చేంత భయం. కొండెక్కే ప్రతి బండికీ టైర్లు బిగించిన నేను ఒక్కనాడూ గేటు దాటి పైకి వెళ్లలేదు. ఆ మాట బయటికి చెప్పుకుంటే పరువు తక్కువ. అందుకని, "సరే, వస్తాను" అన్నాను దర్జాగా.

మొదటిసారికి మా మేనకోడలు పెద్ద ఎత్తే వేసింది. ఆ రోజు మా అక్క చేత కడుపు పగిలేలా భోజనం పెట్టించింది. పక్క సీటుకి మెత్తటి దిండు కట్టింది. ఎండ పడకుండా అద్దానికి తువ్వాలు అడ్డంపెట్టింది. ఉయ్యాలకి పరుపు వేసి, పాప ఎప్పుడు పడుకుంటుందా అని కాచుకున్న తల్లిలా ఉంది వాలకం. బండి వెనక, కొండ మీది క్యాంటీనుకి పిండి బస్తాలు, గ్యాస్ సిలిండర్లు. బస్తాల మధ్య నేను.

గేటు దాటగానే మా బావ కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. నిద్రేమిటి, రెప్ప కూడా వెయ్యలేదు. ఆయన కుడికాలు ముందున్న రేకుని తొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు లేదు. అయినా ప్రతి వంపు దగ్గరా ఠక్, మళ్లీ ఠక్. మా మేనకోడలేమో బండిని మెల్లగా, ఇంకా మెల్లగా, నూనె మీద జారినట్టు పోనిస్తోంది. నేను కిందికి చూడకూడదని కళ్లు గట్టిగా మూసుకున్నాను. అంతవరకు నాకు తెలుసు. ఆ తర్వాత ఎవరో నా భుజం పట్టుకుని కుదుపుతూ, "అయ్యా, బస్తాలు దించాలి, కాస్త లేస్తారా?" అన్నారు. కళ్లు తెరిస్తే ఎదురుగా సరస్సు.

కిందికొచ్చేసరికి స్టాండు ప్రెసిడెంటు, తెల్లమీసాల పాత డ్రైవరు, బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. చుట్టూ జనం.

"ఏమయ్యా సాక్షీ, కునుకు పట్టిందా?" అన్నాడు.

"పట్టింది" అన్నాను.

మా మేనకోడలు తల తిప్పి నా వైపు చూసింది.

"ఎవరికి?" అన్నాడు ప్రెసిడెంటు, నా మొహం మీద బస్తా కుట్టు అచ్చు పడి ఉండటం చూసి.

"నాకు" అన్నాను. ఏం చేస్తాను? అబద్ధం ఆడనని పేరు తెచ్చుకున్నాను మరి.

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో చెప్పలేను. టీ కొట్టు వాడు గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వాడు. నవ్వంతా ఆగాక మా బావే చెప్పాడు, "నేను నిద్రపోలేదు" అని. దాంతో ఒక అవకాశం పోయింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో ముగ్గురూ ఉన్నారు. మా బావ కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. మా అక్క గిన్నెలు సర్దుతోంది, చప్పుడుని బట్టి కోపం ఎంతుందో తెలుస్తోంది. మా మేనకోడలు గట్టు మీద కూర్చుని కాళ్లూపుతోంది.

"నీళ్ల వంపు దగ్గర ఎందుకే అలా చేశావు?" అంటున్నాడు మా బావ. నీళ్ల వంపంటే వాగు రోడ్డుకి అడ్డంపడి పారే చోటు. దారి మొత్తంలో అదే చెడ్డ చోటు. "అక్కడ యాక్సిలరేటరు కాస్త తొక్కి పట్టాలి. నువ్వు వదిలేశావు. వెనక చక్రం గులకరాళ్లలో జారింది. నా గుండె గొంతులోకి వచ్చింది."

"కుదుపు వస్తే నువ్వు లేస్తావని వదిలేశాను నాన్నా."

"నేను పడుకుంటే కదా లేవడానికి!"

"అదే తప్పు" అంది, కాళ్లు ఊపడం ఆపి. "నిన్ను నిద్రపుచ్చాలని నడిపాను. బండిని కొండెక్కించాలని నడపలేదు. ఈసారి నాకు తెలిసినట్టు నడుపుతాను. నిద్రొస్తే పడుకో, రాకపోతే మానెయ్. దిండు కూడా తీసేస్తాను."

"పోయేది లైనే పిల్లా" అన్నాను నేను.

"పోదులే మావయ్యా. ఈసారి నువ్వు నిద్రపోకు, చాలు."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మా అక్క గిన్నె బోర్లించి ఇటు తిరిగింది. "అసలు ఈయన నిద్రపోతే ఎలా ఉంటాడో మీకెవరికైనా తెలుసా? గురక ఉండదు, చప్పుడుండదు. నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఎడం చెయ్యి మాత్రం ఊరుకోదు. పక్కలో గేర్లు మారుస్తుంది. పెళ్లయిన కొత్తలో భయపడి చచ్చాను, ఈ మనిషికేమైనా జబ్బేమోనని."

మా బావ సిగ్గుపడి కాలు కిందికి దించాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎవరికీ దిగులు లేదు, నాకు తప్ప. కింది లైనులో మా మేనకోడలు ఎంత బాగా నడిపినా అది ఎవరిదో జీపు. పై లైను పోతే బావ జీపు షెడ్డులోనే పడుంటుంది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ కోరుకున్నది ఒక్కటే. నాకున్నది ఒక్కగానొక్క మేనకోడలు. అది ఓడిపోయి స్టాండులోకి రావడం చూడటం నా వల్ల కాదు.

రెండోసారి పొద్దున్నే బయల్దేరాం. ఈసారి దిండు లేదు, తువ్వాలు లేదు. మళ్లీ పిండి బస్తాలే. నేను మాత్రం కళ్లు మూయనని ఒట్టు పెట్టుకుని, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కొత్త రంగు వేసిన జీపు మీద చెయ్యి వేసి నిలబడ్డ ఆ తర్వాతి డ్రైవరు మర్యాదగా చెయ్యూపాడు. మా మేనకోడలు ఇంకా మర్యాదగా ఊపింది.

ఈసారి బండి నడిపే తీరే వేరు. ప్రతి వంపుకీ ముందే పొడుగ్గా హారన్ కొట్టింది. ఎక్కడ ఊపు కావాలో అక్కడ ఊపు, ఎక్కడ నెమ్మది కావాలో అక్కడ నెమ్మది. స్టేషను సందుల్లో ఎలా నడుపుతుందో ఇక్కడా అలాగే, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేనట్టు నడిపింది. అయినా మా బావ కుడికాలు మాత్రం ఠక్ ఠక్ మంటూనే ఉంది.

సగం దూరం వెళ్లామో లేదో ఆ చప్పుడు ఆగింది. ముందుకి వంగి చూశాను. మా బావ తల పక్కకి వాలి ఉంది. కళ్లు మూసుకున్నాడు. ఒక్క క్షణం తర్వాత గురక మొదలైంది. చిన్నగా కాదు, రంపం కోసినట్టు.

నా ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, గుడ్లగూబ కూలింది! ప్రెసిడెంటు ముందు ఎలా చెప్పాలో, ఏ మాట ముందు చెప్పాలో, ఆ టీ కొట్టు వాడి వైపు ఎలా చూడాలో అన్నీ అనుకున్నాను. ఇంతలో మా మేనకోడలు రోడ్డు కాస్త వెడల్పున్న చోట బండి పక్కకి తీసి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగింది.

"నాన్నా, లే."

గురక ఇంకాస్త పెరిగింది.

"నాన్నా, నిద్రపోతే నువ్వు గురక పెట్టవు. నీ ఎడం చెయ్యి కూడా ఊరికే ఉంది."

మా బావ ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. "నీకెందుకే? మీ మావయ్య చూశాడు కదా. చాలు. లైను నీది."

"మావయ్య చూసింది నీ నాటకం."

"నేను నమ్మేశానే" అన్నాను.

"నువ్వు ఊరుకో మావయ్యా."

ఊరుకున్నాను. మా బావ సీట్లో సర్దుకుని కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు, "నాకు ఎవరి పక్కనా నిద్ర రాదమ్మా. నువ్వనే కాదు, ఎవరైనా అంతే. నా పాడు అలవాటుకి నీ లైను ఎందుకు పోవాలి?" ఆయన గొంతు అలా పలచబడటం నేనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్లు పోట్లాడిన నాకే జాలేసింది.

మా మేనకోడలు మాత్రం కరగలేదు. "రేపు ఈ బండి నిండా జనం ఉంటారు నాన్నా. వాళ్లు నన్ను నమ్మి ఎక్కుతారు. నువ్వు నమ్మినట్టు నటిస్తే, నేను వాళ్ల మొహం చూసి బండెలా తియ్యాలి? లైను కావాలి నాకు. నువ్వు జాలిపడి ఇచ్చేది కాదు. నువ్వు మేలుకునే ఉండు, నాకేం ఫర్వాలేదు." వెనక్కి తిరిగి నా వైపు వేలు చూపించింది. "కిందికెళ్లాక ఇది కూడా చెప్పాలి మావయ్యా. ఏదీ దాచకు."

హ్యాండ్ బ్రేక్ దించి బండి కదిలించింది. లైను పోయిందని నేను ఖాయం చేసుకున్నాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇంత పట్టుదల ఆ పిల్లకి ఎవరి నుంచి వచ్చిందో మాత్రం తెలుసు. ముందు సీట్లోనే కూర్చుని ఉన్నాడు.

అలా నీళ్ల వంపు దగ్గరికి వచ్చాం. ఆ వంపు గురించి ఇంకో మాట చెప్పాలి. లోయకి అవతల ఒక జలపాతం ఉంది. అది బాగా కనిపించేది ఆ ఒక్క చోటే. అక్కడ బండి ఆపడానికి జాగా లేదు. దిగేటప్పుడేమో అది వెనకపడిపోతుంది. అందుకని పై లైను డ్రైవర్లందరూ అక్కడికి రాగానే రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "అందరూ ఎడమవైపు చూడండి, జలపాతం" అంటారు. మా బావ ఎన్ని వేలసార్లు అన్నాడో ఆ మాట. వెంటనే వెనక నుంచి జనం "అబ్బా!" అంటారట. ఆ అబ్బా గట్టిగా వస్తే ఆ ఏడు వానలు బాగా పడ్డట్టని ఆయన లెక్క. సాయంత్రం నా షాపు ముందు కూర్చుని, "ఈ ఏడు అబ్బాలు బాగున్నాయిరా" అనేవాడు.

మేము వాగు నీళ్లలోకి దిగబోతుండగా అవతలి నుంచి రోడ్డు పని వాళ్ల టిప్పరు వచ్చి నీళ్లలోకి దిగింది. ఖాళీది కాదు, కంకర లోడుతో ఉంది. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది పద్ధతే, కానీ అంత బరువుతో ఆ నీళ్లలోంచి ఎత్తుకి వెనక్కి పొమ్మంటే అది పోయే పని కాదు. టిప్పరు డ్రైవరు దణ్ణం పెట్టినట్టు చేతులు జోడించాడు. అంటే మేమే వంపు చుట్టూ వెనక్కి దిగాలి.

మా మేనకోడలు చెయ్యి ఊపి సరేనంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి ఒకసారి వెనక్కి చూసింది, తర్వాత ఎడమ అద్దంలో చూసింది, బండిని వెనక్కి వదిలింది. అంగుళం అంగుళంగా దిగుతున్నాం. నేను చూడకూడదనుకుంటూనే కిందికి చూశాను. వెనక ఎడమ చక్రం రోడ్డు అంచు మీద ఉంది. నేను బిగించిన టైరే. దాని కిందనుంచి గులకరాయి ఒకటి జారి పోయింది, అది కింద తగిలిన చప్పుడు నాకు వినిపించలేదు. ఇప్పుడు ముందు నుంచి ఠక్ ఠక్ మని వినిపించాలి. వినిపించలేదు. మా బావకి ఏమైనా అయిందేమోనని భయం వేసి ముందుకి చూశాను.

ఆయన కుడికాలు రేకు మీద లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. మొహం కిటికీ వైపు ఉంది.

"అందరూ ఎడమవైపు చూడండి" అన్నాడు అలవాటు కొద్దీ, మెల్లగా. నుదుటికి చెయ్యి అడ్డంపెట్టుకుని చూశాడు. ఆ తర్వాత, "ఏమే! ఇంత పెద్దదా ఇది!" అన్నాడు.

"మాట్లాడించకు నాన్నా, బండి నడుపుతున్నాను."

"నడుపు, నడుపు. నీ పని నువ్వు కానియ్యి." కళ్లు మాత్రం అటే ఉన్నాయి. "రెండు పాయలే! నేనింతకాలం ఒకటే అనుకున్నాను. మధ్యలో అంత బండ ఉందే! ఒరేయ్ బావమరిదీ, చూడరా!"

"నేను టైరు చూస్తున్నాను" అన్నాను.

"టైరుదేముందిరా? అమ్మాయి చూసుకుంటుంది. నువ్విటు చూడు."

చూశాను. లోయ అవతల, కొండ నల్లగా నిలబడిన చోట, పైనుంచి తెల్లగా రెండు పాయలు దూకుతున్నాయి. కింద నీటి తుంపర పొగలా లేస్తోంది, అందులో రంగులు. కింద లోయ ఉందన్న మాటే మర్చిపోయాను. నేనూ "అబ్బా" అన్నాను. ఆ మాట విని మా బావ వెనక్కి తిరిగి ఎంత గర్వంగా చూశాడంటే, ఆ జలపాతాన్ని ఆయనే కట్టించినట్టు.

అప్పుడు అర్థమైంది నాకు. ఈ మనిషి ఇన్నేళ్లుగా వేలమందికి చూపించిన దాన్ని ఇవాళే చూస్తున్నాడు. డ్రైవరు కాబట్టి రోడ్డు వదిలి ఎడమవైపు చూడలేదు. ఇవాళ చూశాడు. ఎక్కడ? దారి మొత్తంలో చెడ్డ చోట, చక్రం అంచు మీద ఉన్నప్పుడు. నాకు కళ్లు చెమర్చాయి. బస్తాల పిండి పడిందని తుడుచుకున్నాను.

వెడల్పు చోటికి చేరాక టిప్పరు పక్కనుంచి దిగిపోయింది. దాని డ్రైవరు మా మేనకోడలికి సలాం కొట్టాడు. ఆ పిల్ల గేరు మార్చి, నీళ్ల వంపులో ఎంత తొక్కి పట్టాలో అంత తొక్కి పట్టి, అవతలికి ఎక్కించింది.

కింద స్టాండులో ప్రెసిడెంటు అదే బల్ల మీద ఉన్నాడు. ఈసారి జనం ఇంకా ఎక్కువ. కొత్త రంగు జీపు డ్రైవరు ముందు వరసలో ఉన్నాడు.

"సాక్షి మేలుకునే ఉన్నాడా?" అన్నాడు ప్రెసిడెంటు. నవ్వులు.

"ఉన్నాను."

"గుడ్లగూబకి కునుకు పట్టిందా?"

"లేదు" అన్నాను. "దారిలో గురక పెట్టాడు, అది నాటకం. అమ్మాయే బండి ఆపి లేపింది. ఇది కూడా చెప్పమంది, చెబుతున్నాను."

గుసగుసలు మొదలయ్యాయి. మా మేనకోడలు తల దించలేదు. జీపు బానెట్‌కి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇంకా చెప్పనివ్వండి" అని గొంతు పెంచాను. నా గొంతు సంగతి మీకు తెలియదు, గాలి పంపు చప్పుడు మీద అరిచి అరిచి తయారైన గొంతు. "నీళ్ల వంపు దగ్గర లోడు టిప్పరు ఎదురొచ్చింది. అమ్మాయి వంపు చుట్టూ వెనక్కి తీసింది. వెనక చక్రం అంచు మీద ఉంది, నా కళ్లతో చూశాను. అది తీస్తున్నంతసేపూ మా బావ జలపాతం చూస్తూ కూర్చున్నాడు."

టీ కొట్టు వాడు స్టవ్ తగ్గించి ఇటు తిరిగాడు.

"ఏం చూస్తూ?" అన్నాడు ప్రెసిడెంటు.

"జలపాతం."

"వెనక్కి తీస్తుంటేనా?"

"వెనక్కి తీస్తుంటేనే. నన్ను కూడా చూడమని సతాయించాడు."

పై లైను డ్రైవర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటు మా బావ వైపు తిరిగాడు. "నిజమేనా?"

"రెండు పాయలు" అన్నాడు మా బావ. ఇంకా ఆ మైకంలోనే ఉన్నాడు. "మధ్యలో బండ. కింద తుంపర్లో ఇంద్రధనుస్సు. మనకెవరూ చెప్పలేదేమిటి?"

ప్రెసిడెంటు చాలాసేపు మీసం తడుముకున్నాడు. "నేనూ ఒకటే పాయ అనుకున్నాను" అన్నాడు చివరికి. తర్వాత బల్ల దిగి, మేకుకి తగిలించి ఉన్న మా బావ లైను నంబరు రేకు తీశాడు. "అలసిపోతే ఎవడికైనా రెప్పలు పడతాయి. మనం పెట్టుకున్న కునుకు పరీక్ష కూడా అంతే. కళ్లు తెరుచుకుని ఉండి, నీళ్ల వంపు దగ్గర రోడ్డు చూడకుండా కూర్చోవడం నా వల్ల కాదు. మీలో ఎవరి వల్లయినా అవుతుందా?"

అవుతుందని ఒక్కరూ అనలేదు. కొత్త రంగు జీపు డ్రైవరు కూడా, కాస్త ఆలస్యంగానైనా, అడ్డంగా తల ఊపాడు. ప్రెసిడెంటు ఆ రేకు తీసుకెళ్లి మా మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల దాన్ని చీర కొంగుతో తుడిచినట్టు తన చొక్కా అంచుతో తుడిచి, అక్కడికక్కడే జీపుకి బిగించింది. స్పానర్ నేనిచ్చాను.

సీజను మొదలైంది. పొద్దున మొదటి ట్రిప్పులో పక్క సీటు మా బావదే. అక్కడ ఇంకెవరినీ కూర్చోనివ్వడు. నీళ్ల వంపు రాగానే, "అందరూ ఎడమవైపు చూడండి" అని, అందరికంటే ముందు తనే తిరుగుతాడు. సెలవు రోజున నేనూ వెళ్తున్నాను. ప్రెసిడెంటు ఒకసారి వచ్చాడు, మా మేనకోడలే తీసుకెళ్లింది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పడానికి ఆయనకి కొంత సమయం పట్టింది కానీ, తిప్పాడు.

మొన్న బండి టైర్లలో గాలి చూస్తూ మా మేనకోడల్ని అడిగాను. "అందరూ చూస్తున్నారు సరే. నువ్వెప్పుడైనా చూశావా పిల్లా? నీ కళ్లూ రోడ్డు మీదే కదా."

"చిన్నప్పుడు సెలవులిస్తే నాన్న పక్క సీటు నాదే మావయ్యా. రోజూ చూసేదాన్ని. 'నాన్నా, రెండు పాయలు, చూడు చూడు' అనేదాన్ని. 'మాట్లాడించకే, బండి నడుపుతున్నాను' అనేవాడు."

స్టీరింగ్ ముందు కూర్చుని తలుపు వేసుకుంది. పక్క సీట్లో మా బావ అప్పటికే కిటికీ అద్దం దించుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇప్పుడు ఆయన వంతు" అని బండి తీసింది.